బానెట్ కింద నిమ్మకాయ

మా బావగారి నోటి నుంచి ఒక్క మాట రాబట్టడానికి నేను ఒక పాత కారుకి ఇంజను దగ్గర వైరింగ్ అంతా మార్చాను. అంత కష్టం ఎందుకు, పిలిచి అడిగితే పోయేది కదా అని మా ఆయన అన్నారు. అడిగితే చెప్పే మనిషే అయితే నేను ఇన్నేళ్లు పళ్లు నూరుకుంటూ ఎందుకు కూర్చుంటాను?

కారు మా నాన్నది. తెల్ల అంబాసిడర్. పొలంలో మోటార్లు పాడైతే మెకానిక్‌ని పిలిచే అలవాటు నాన్నకి లేదు, తనే విప్పుకునేవాడు. కారు కూడా అంతే. ఆదివారం పూట బానెట్ ఎత్తి, నన్ను పక్కన నిలబెట్టుకుని, ఏ వైరు ఎక్కడికి పోతుందో చెప్పేవాడు. అక్క కారెక్కడానికి మాత్రమే వచ్చేది. నేను బానెట్ కిందకి తల దూర్చేదాన్ని. నేను ఒక వైరు బిగించి పక్కకి తప్పుకుంటే, నాన్న వంగి చూసి, వేలికున్న ఉంగరంతో కారు రేకు మీద టకటకా కొట్టి, "లైను బాగుంది" అనేవాడు. అంతకు మించి ఎప్పుడూ పొగిడేవాడు కాదు. నాకు అది చాలు. ఆ మాట కోసమే ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను, ఆ మాట వల్లే తర్వాత పాలిటెక్నిక్ ల్యాబులో ఉద్యోగం చేశాను అనుకుంటాను.

మా అక్క భర్త, అంటే బావగారు, హేతువాది. మన వైపు ఆ రోజుల్లో అలాంటివాళ్లు చాలామందే ఉండేవాళ్లు, ఇప్పటికీ ఉన్నారు. ముహూర్తం లేకుండా, పంతులు లేకుండా, వేదిక మీద దండలు మార్చుకుని పెళ్లిళ్లు చేసుకునే కుటుంబాలు. వాళ్ల మీద నాకేం కోపం లేదు, అందులో నికార్సయిన మనుషుల్ని చూశాను. బావగారు వేరు. ఆయనకి మైకు ముఖ్యం. ఎక్కడ మైకు ఉంటే అక్కడ గ్రహాల్నీ, జాతకాల్నీ, నిమ్మకాయల్నీ ఉతికి ఆరేసేవారు. గొంతు మంచిది. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. నాకూ మొదట్లో ముచ్చటగానే ఉండేది.

బావగారి చెల్లెలికి దండల పెళ్లి కుదిరింది. పెళ్లి హనుమాన్ జంక్షన్ అవతల. పెళ్లికూతుర్ని మా నాన్న కారులో తీసుకెళ్లాలని నిర్ణయం. ఆ ముందు వారం కారు హారనూ హెడ్‌లైట్లూ సరిగ్గా పనిచేయడం లేదని ఆ వైర్లన్నీ నేనే మార్చాను. ఫ్యూజు పెట్టాను. నాన్న చూశాడు. ఉంగరంతో టకటకా కొట్టాడు. "లైను బాగుంది" అన్నాడు. నేను విన్న ఆఖరి సారి అదేనని అప్పుడు నాకు తెలియదు.

పెళ్లి రోజు పొద్దున్నే బావగారు వచ్చి కారు తీసుకెళ్లారు, పూలతో అలంకరణ చేయిస్తానని. ఆ తర్వాత అందరం ఎక్కాం. నాన్న నడుపుతున్నాడు, పక్కన బావగారు, వెనక పెళ్లికూతురు, అక్క, నేను. జంక్షన్ ఇంకాస్త దూరం ఉందనగా రోడ్డు మీద పెద్ద గతుకు వచ్చింది. కారు ఎగిరి పడింది. కొద్దిసేపటికి బానెట్ సందుల్లోంచి పొగ, దాని వెనకే మంట. నాన్న కారు పక్కకి తీశాడు. అందరం దిగి పరుగెత్తాం. టీకొట్టు వాళ్లు ఇసకా నీళ్లూ తెచ్చి పోశారు. మంట ఆరింది.

నేను బానెట్ దగ్గరికి వెళ్లబోయాను. బావగారు చెయ్యి అడ్డం పెట్టారు. "అందరూ దూరంగా జరగండి. బ్యాటరీ పేలుద్ది. కటింగ్ ప్లేయరు ఇవ్వండి, నేను తీసేస్తా" అన్నారు. బావగారికి బల్బు మార్చడం కూడా రాదు. అయినా ఆ కంగారులో ఎవరికీ తట్టలేదు. నాన్న ప్లేయరు ఇచ్చాడు. ఆయన కాసేపు లోపలికి వంగి ఏదో చేశారు. తర్వాత చేతులు కడుక్కొస్తానని ఏలూరు కాలవ వైపు వెళ్లారు. తిరిగొచ్చి, అక్కడ పోగైన జనంతో, "మా మరదలు కొత్తగా వైరింగ్ చేసిందండీ. ఆడపిల్ల సరదా పడింది కదా అని మా మావయ్యగారు ఊరుకున్నారు. ఇదిగో, ఫలితం" అన్నారు.

నేను నాన్న వైపు చూశాను. నాన్న నేల వైపు చూస్తున్నాడు.

పెళ్లికూతురు ఆటోలో వెళ్లింది. పెళ్లి అయిపోయింది. నా పరువు మాత్రం ఆ రోడ్డు మీదే ఉండిపోయింది.

ఆ తర్వాత ఏ ఇంట్లో పదిమంది చేరినా ఆ కథ మొదలయ్యేది. బారసాలలో, గృహప్రవేశంలో, ఒకసారి దినం భోజనాల్లో కూడా. "మా మరదలు కారుకి కరెంటు పెట్టిందండీ" అని ఆయన గొంతు సవరించుకోగానే నా కడుపు మండేది. చెప్పే కొద్దీ మంట ఎత్తు పెరిగేది. చివరికి పెళ్లికూతురి చీర కొంగు కూడా కాలిందని చేర్చారు. కాలలేదు, నేను పక్కనే ఉన్నాను. కానీ ఏమంటాను? బావ మరదల్ని ఆట పట్టించడం మన ఇళ్లలో హక్కు. ఉడుక్కుంటే, "చూడండి, చూడండి, ఇంకా వేడి తగ్గలా" అని ఇంకో నవ్వు. మా కాలేజీ స్టాఫ్‌రూముకి కూడా ఆ కథ చేరింది. మెకానికల్ లెక్చరరు ఒకాయన నా స్కూటీ పక్కన తన బండి పెట్టకుండా దూరంగా పెట్టి, "భయమండీ" అన్నారు. నవ్వాను. నవ్వక చస్తానా?

అన్నిటికంటే నొప్పి వేరే. బావగారు ఆ కథ ఎత్తుకోగానే నాన్న లేచి వెళ్లిపోయేవాడు. చెయ్యి కడుక్కోవడానికనో, చెప్పులు వెతుక్కోవడానికనో. కూతురు చేసిన పనికి సిగ్గుపడి తల తిప్పుకుంటున్నాడనుకున్నాను. కారుని గుణదల ఇంట్లో షెడ్డులోకి తోయించి, పట్టా కప్పేశాడు. అమ్మలేదు, బాగు చేయించలేదు. ఒకసారి నేను బాగు చేస్తానంటే, "ఆ బానెట్ ఎవరూ ఎత్తొద్దు" అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు. మళ్లీ ఏ ఆదివారమూ నన్ను దేనికీ పిలవలేదు. చివరి రోజుల్లో ఆస్తి సంగతి వచ్చినప్పుడు, పొలం పెద్దదానికి, ఇల్లూ కారూ చిన్నదానికి అన్నాడు. బావగారు అక్కడే ఉన్నారు. "కాల్చినవాళ్లకే కాలిన కారు, న్యాయమే" అన్నారు. నాన్న పక్కకి తిరిగి పడుకున్నాడు. నన్ను తప్పుగా అనుకుంటూనే పోయాడని నేను నమ్మాను. ఆ నమ్మకంతో ఇన్నేళ్లు బతికాను. నా పగకి వేరు అదే.

ఇక ఈ మధ్య సంగతి. అక్క కూతురికి కూడా హనుమాన్ జంక్షన్ అవతలే దండల పెళ్లి కుదిరింది. అది ఫోన్ చేసి, "పిన్నీ, తాతయ్య కారులోనే వెళ్తా. ఇప్పుడు పెళ్లి ఫొటోలకి అంబాసిడర్ అంటే ఎంత క్రేజో తెలుసా" అంది. ఫోన్ స్పీకర్లో ఉన్నట్టుంది. వెనక నుంచి బావగారి గొంతు వినిపించింది. "మీ పిన్ని వైరింగ్ చేస్తే మాత్రం ఫైరింజన్ కూడా మాట్లాడమ్మా." అక్క నవ్వింది. పెళ్లికూతురు నవ్వింది. నేను, "నేనే చేస్తున్నా బావగారూ. ముందు సీట్లో మీరే కూర్చోవాలి" అని పెట్టేశాను.

అప్పటికి నాకు పెద్ద పథకమేమీ లేదు. కారు కాలకుండా జంక్షన్ దాకా నడిపి, దిగేటప్పుడు ఆయన మొహం చూడాలి, అంతే. అంత చిన్న పగకి కూడా నేను సిద్ధమే.

పట్టా తీశాం. మా ఆయన ఎలకల్ని తోలి, నాకు కుర్చీ వేసి, ఫ్యాను పెట్టి లోపలికి వెళ్లిపోయారు. బానెట్ ఎత్తితే అంతా నలుపు. వైర్ల కట్ట మొత్తం కరిగి ముద్దయింది. తిరగమోత మాడినప్పటి వాసన ఇంకా కొద్దిగా ఉంది. ఆ ముద్దని ఒక్కసారిగా పీకేస్తే తర్వాత ఏది ఎక్కడికి పోవాలో తెలియదు. అందుకని ముందు ఒక ప్లైవుడ్ చెక్క మీద ఇంజను గది బొమ్మ సుద్దముక్కతో గీసుకున్నాను. వైరు మలుపు తిరిగిన ప్రతిచోటా మేకు కొట్టాను. కొత్త వైర్లు ముందు ఆ మేకుల మధ్య పరిచి, కట్టగట్టి, అప్పుడు మొత్తంగా ఎత్తి కారులో పెట్టాలి. నాన్న నేర్పిన పద్ధతి.

వైర్ల కోసం ఆటోనగర్ వెళ్లాను. గోధుమ రంగు లావుది, తెలుపు, ఎరుపు, నలుపు, నూలు టేపు అని అడిగాను. కొట్టాయన, "మెకానిక్ ఎవరండీ? ఫోన్ కలపండి, సైజు కనుక్కుంటా" అన్నాడు. "మెకానిక్ మీ ఎదురుగానే ఉంది. సైజు నేను చెప్తా, రాసుకోండి" అన్నాను. రాసుకున్నాడు. తప్పు రాస్తే దిద్దాను కూడా.

పాత వైర్లు ఒక్కొక్కటీ కత్తిరించి తీస్తున్నాను. ముందు నా చేతి పని చూసుకోవాలనిపించింది. హారన్ వైరు, హెడ్‌లైట్ వైర్లు. అవి ఆ కట్టలో కలవకుండా గ్రిల్లు వైపు విడిగా ఉంటాయి. పైన మసి పట్టింది గానీ లోపల రాగి శుభ్రంగా ఉంది. ఫ్యూజు కూడా తెగలేదు. నా వైర్ల వల్ల మంట పుడితే ముందు తెగాల్సింది ఆ ఫ్యూజే. కటింగ్ ప్లేయరు కింద పెట్టేశాను. కుర్చీలో కూర్చున్నాను. ఇన్నేళ్లుగా ఈ సాక్ష్యం నా ఇంటి షెడ్డులోనే, పట్టా కింద ఉంది.

మరి మంట ఎక్కడ పుట్టింది? బాగా కాలిన చోటు వెతికాను. బ్యాటరీ పక్కన స్టార్టర్ స్విచ్చి ఉంది. బ్యాటరీ నుంచి వచ్చే లావు కేబులు దాని బోల్టుకి బిగించి ఉంటుంది. ఆ బోల్టులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, తాళం తీసేసినా ఉంటుంది. మధ్యలో ఫ్యూజు ఉండదు. మసి గోకుతుంటే ఆ బోల్టుకి సన్నటి ఇనపతీగ ముక్క కనిపించింది. స్లాబు ఊచలు కట్టే తీగ లాంటిది. బోల్టుకి కరిగి అతుక్కుపోయింది. జానెడు అవతల కారు బాడీకి ఉన్న క్లాంపుకి అదే తీగ రెండో కొస మెలేసి ఉంది. కరెంటు ఉన్న బోల్టుకీ బాడీకీ మధ్య ఇనపతీగ తగిలితే ఇంకేముంది, పొయ్యిలో పెట్టిన ఊచలా ఎర్రబడుతుంది. పక్కనున్న వైర్ల కట్ట అంటుకోకుండా ఉంటుందా?

క్లాంపు దగ్గరి మెలికలో ఏదో ఇరుక్కుంది. పట్టకారుతో లాగాను. మిరపకాయ తొడిమ. బ్యాటరీ ట్రే ఎత్తితే దాని కింద మూలన నల్లగా, గోలీలా గట్టిగా ఒకటి దొరికింది. గీరితే లోపల గింజలు. నిమ్మకాయ.

దిష్టిదండ. అమ్మవారి కొండ కింద బళ్లకి పూజ చేయించే చోట అమ్ముతారు, నిమ్మకాయలూ మిరపకాయలూ తీగకి గుచ్చి. అందరూ బండి ముందు కడతారు. బానెట్ లోపల ఎవరు కడతారు? నలుగురికీ కనపడకూడదనుకునేవాళ్లు కడతారు. పెళ్లివారంతా హేతువాదులు, తను వాళ్ల ఉపన్యాసకుడు, చెల్లెలి పెళ్లికి దిష్టి తగులుతుందేమోనని భయం. బయట కడితే పరువు పోతుంది, కట్టకపోతే ప్రాణం ఒప్పదు. అందుకని ఆ పొద్దున పూల వంకతో కారు తీసుకెళ్లిన బావగారు లోపల కట్టారు. ఒక కొస క్లాంపుకి, రెండో కొస చేతికందిన కేబులు మీద. గతుకులో అది జారి బోల్టుకి తగిలింది.

నవ్వొచ్చింది. నిజంగా పెద్దగా నవ్వాను. మా ఆయన కిటికీలోంచి తొంగి చూశారు.

ఆ నవ్వు ఎంతోసేపు లేదు. క్లాంపు వైపు తీగ కొస మళ్లీ చూశాను. వేడికి కరిగి తెగిన తీగ కొస గుండ్రంగా ముద్దకడుతుంది, బోల్టు వైపు కొస అలాగే ఉంది. ఇటువైపుది అలా లేదు. కొస ఉలిమొనలా నొక్కుకుని ఉంది. అంటే కటింగ్ ప్లేయరుతో తెంపారు. కారు కాలక ముందు తెంపి ఉంటే కరెంటు పారేదే కాదు, మంట వచ్చేదే కాదు. కాబట్టి కాలిన తర్వాత తెంపారు. కాలిన తర్వాత ప్లేయరు ఎవరి చేతిలో ఉంది? కాలవ వైపు చేతులు కడుక్కోవడానికి ఎవరు వెళ్లారు?

తెలియక నన్ను అన్నారనే ఇన్నేళ్లూ అనుకున్నాను. మూర్ఖత్వం అనుకున్నాను. తెలిసే అన్నారు. చేతికి మసి ఉండగానే, కాలిన నిమ్మకాయల్ని కాలవలో పారేసి వచ్చి, జనం ముందు నా పేరు చెప్పారు. ఒళ్లంతా చల్లబడింది. కోపం ఎక్కువైతే నాకు వేడి పుట్టదు, చలి పుడుతుంది.

రూఢి చేసుకోవాలని అక్కకి ఫోన్ చేశాను. పెళ్లి కబుర్ల మధ్య, "ఆ రోజు బావగారు కారు ఎక్కడికి తీసుకెళ్లారే, పూలకేనా?" అన్నాను.

"పూలకీ, కొండ కిందకీ. పూజ చేయించారు. ఎవరితో అనొద్దన్నార్లే. ఇప్పుడెందుకే అది?" అంది. ఆ పూజకీ, కారు కాలడానికీ ఉన్న ముడి ఆమెకి అప్పటికి తెలియదు. అంతటితో ఆగకుండా, "పెళ్లి టైముకి కారు కచ్చితంగా రావాలే. కార్డులో పదకొండని వేశాం గానీ, పదిన్నర దాటితే మంచిది కాదని పంతులుగారు చెప్పారట. ఆ లోపే దండలు మార్చేయాలి. పిల్లకి కూడా చెప్పలా, నువ్వు నోరు జారకు" అంది.

నేను నోరు జారలేదు. అప్పుడు తయారైంది నా అసలు పథకం.

ఆ తర్వాత వైరింగ్ మీద నేను చూపించిన శ్రద్ధ ఏ పరీక్షకీ చూపించలేదు. ప్రతి కొసకీ టంకం పెట్టాను. రేకులోంచి వైరు దూరే ప్రతి కన్నానికీ రబ్బరు వాషరు తొడిగాను. నూలు టేపు వేలి వెడల్పు ఎడంతో చుట్టాను. ఆటోనగర్ ఇంజను మెకానిక్ వచ్చి కార్బొరేటరూ బ్రేకులూ సరిచేసి, బానెట్ కిందకి చూసి, "కంపెనీ నుంచి వచ్చినట్టుందండీ" అన్నాడు. నిజంగా బాగుంది. ఆ మాట అనాల్సిన మనిషి అనలేదు, అంతే తేడా. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఆమ్మీటరు ముల్లు కదిలి నడిమధ్యకి వచ్చి నిలబడింది.

పెళ్లి రోజు పొద్దున కారు బెంజ్ సర్కిల్ దగ్గర బావగారి ఇంటికి తీసుకెళ్లాను. గేటు ముందు బస్సు ఎక్కడానికి ఆయన స్నేహితులంతా చేరి ఉన్నారు. తెల్ల చొక్కాలు, జేబులో పెన్నులు. చాలామంది ఆ కారు కాలిన పెళ్లికి వచ్చినవాళ్లే, కథ పదిసార్లు విన్నవాళ్లే. ఫొటోగ్రాఫరు బానెట్ ఎత్తి కూడా ఫొటోలు తీస్తానన్నాడు. ఎత్తాను. ఫొటోలు అయ్యాక డిస్ట్రిబ్యూటరు మూత క్లిప్పులు వదులు చేసి, లోపలి రోటరు తీసి పర్సులో వేసుకుని, మూత పెట్టేశాను. బొటనవేలంత ముక్క. అది లేకపోతే ఏ ప్లగ్గుకీ నిప్పురవ్వ వెళ్లదు. స్టార్టరు తిరుగుతూనే ఉంటుంది, ఇంజను అందుకోదు.

పెళ్లికూతురు ఎక్కింది. అక్క ఎక్కింది. బావగారు ముందు సీట్లో దర్జాగా కూర్చున్నారు. తాళం తిప్పాను. గిర్రున తిరిగింది తప్ప అందుకోలేదు. మళ్లీ తిప్పాను. దిగి బానెట్ ఎత్తాను. ఎత్తిన బానెట్ చుట్టూ మగవాళ్లు చేరకుండా ఉండరు. ఒకాయన పెట్రోలన్నారు, ఒకాయన ప్లగ్గులన్నారు.

బావగారు దిగి గొంతు సవరించుకున్నారు. "నే చెప్పలా? మా మరదలు కారుకి కరెంటు పెట్టిందండీ. ఆ రోజు కూడా ఇంతే..." అందరూ నవ్వడానికి సిద్ధమయ్యారు.

"బస్సు వాళ్లు వెళ్లకండి, కాసేపట్లో అందరం కలిసే వెళ్దాం" అన్నాను. "తొందరేముంది, మీ పెళ్లిళ్లకి ముహూర్తం ఉండదు కదా బావగారూ. నిదానంగా చూస్తా."

"అవునవును, మనకి ముహూర్తాలేంటి" అన్నారు స్నేహితులు. ఒకాయన టీ తాగొస్తానని వెళ్లారు.

బావగారు గడియారం చూసుకున్నారు. వేరే కారు పిలుద్దామన్నారు. తాతయ్య కారు కాకపోతే దిగేదే లేదని పెళ్లికూతురు లోపల్నుంచి అంది. ఆయన మళ్లీ గడియారం చూసుకున్నారు. చొక్కా వీపున తడిసింది. తొందర ఎందుకో ఎవరికీ చెప్పుకోలేని తొందర అది. నేను దాన్ని కాసేపు తనివితీరా చూశాను. నాకేం జాలి వేయలేదు.

"ఒకసారి ఇటు వంగి చూడండి బావగారూ" అన్నాను. ఆయన వంగారు. ఇద్దరి తలలూ బానెట్ కింద ఉన్నాయి. పర్సులోంచి చిన్న స్వీటు డబ్బా తీసి మూత తెరిచాను. నల్లటి నిమ్మకాయ, తీగ ముక్కలు రెండు, మిరపకాయ తొడిమ.

ఆయన చప్పున అరచెయ్యి డబ్బాకి అడ్డం పెట్టారు.

"ఎక్కడిదిది?" అన్నారు.

"మీరు కాలవలో పారేయడం మరిచిపోయింది. ఆ కథ ఇవాళ మీరే చెప్పాలి. చివరిదాకా చెప్పాలి. చెప్తే కారు స్టార్టవుద్ది. లేదంటే ఈ డబ్బా నేనే వాళ్ల చేతికిస్తా, మీ పదిన్నర సంగతి కూడా కలిపి."

"ఇవాళ పెళ్లి, అమ్మాయ్" అన్నారు.

"ఆ రోజు కూడా పెళ్లే బావగారూ."

ఆయన లేచి నిలబడ్డారు. జేబురుమాలుతో మొహం తుడుచుకున్నారు. మైకు గొంతు లేకుండా ఆయన మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి. "ఆ కారు... మా మరదలి వైరింగ్ వల్ల కాలలేదు. నేను లోపల నిమ్మకాయలు కట్టించా. ఆ తీగ తగిలి కాలింది" అన్నారు.

"తీగ తెంపింది?" అన్నాను.

"తెంపి పారేసింది కూడా నేనే. తెలిసే ఆమె మీద పెట్టా."

స్నేహితుల్లో పెద్దాయన ఒకరు, "నిమ్మకాయలా? నువ్వా?" అని నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు బస్సు దాకా పాకింది. ఇంకొకాయన మాత్రం నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి, "మేమూ నవ్వామమ్మా ఇన్నేళ్లు" అని వెళ్లి బస్సు ఎక్కారు. నేను రోటరు పెట్టి, మూత బిగించి, చేతులు తుడుచుకుని తాళం తిప్పాను. మొదటిసారికే అందుకుంది.

హైవే ఎక్కాక నాకు గాల్లో తేలుతున్నట్టుంది. టైముకి చేరుద్దామనే అనుకున్నాను, నిజంగా. గెలిచినవాళ్లకి ఆ మాత్రం ఉదారం వస్తుంది. గన్నవరం దాటాం. బావగారు అద్దంలోంచి బయటికి చూస్తూ, ఎవరికో చెబుతున్నట్టు మెల్లగా అన్నారు.

"మావయ్యగారికి తెలుసు."

"ఏం తెలుసు?"

"నిమ్మకాయల సంగతి. ఆ రోజు సాయంత్రమే చెప్పేశా, కాళ్లు పట్టుకున్నంత పని చేశా. అందరికీ చెప్పేస్తానని కూడా అన్నా. ఆయనే వద్దన్నారు. 'అల్లుడి పరువు పోతే పెద్దదాని కాపరం పలచనైపోద్ది. చిన్నది గట్టిది, తట్టుకుంటుంది. మీరు ఎవరితో అనకండి' అన్నారు."

వెనక సీట్లో అక్క గాజుల చప్పుడు ఆగిపోయింది. నేను రోడ్డు చూస్తూనే ఉన్నాను.

బావగారు అబద్ధం చెబుతున్నారేమోనని వెతికాను. దొరకలేదు. నేల వైపు చూస్తున్న నాన్న. కథ మొదలవగానే లేచి వెళ్లిపోయే నాన్న. ఆ బానెట్ ఎవరూ ఎత్తొద్దన్న నాన్న, ఆ కారునే నాకు రాసిన నాన్న. సిగ్గుపడ్డాడు, నిజమే. నన్ను చూసి కాదు. నేను ఏదో ఒక రోజు బానెట్ ఎత్తుతానని, ఎత్తితే అక్కడున్నదంతా చదివి తెలుసుకుంటానని ఆయనకి తెలుసు. నోటితో చెప్పలేనిది కారుతో చెప్పించాడు. గొప్ప పని చేశాననుకుని ఉంటాడు. నాకు కావాల్సింది కారు కాదు. "లైను బాగుంది" అని ఇంకొక్కసారి, బావగారు ఉండగా, ఉంగరంతో రేకు మీద టకటకా. అల్లుడిని మీరు మీరు అంటూ కాపాడినవాడు, నన్ను గట్టిదని చెప్పి వదిలేశాడు. గట్టిదాన్ని కాబట్టి తట్టుకోవాలా? ఎవరు చెప్పారు తట్టుకున్నానని?

నాన్న నాకు అందడు. పక్క సీట్లో ఉన్నాయనే అందుతాడు. యాక్సిలరేటరు మీంచి కాలు తీశాను. అంబాసిడర్ ఎడ్లబండిలా నడిచింది. లారీలు దాటిపోయాయి, మా బస్సు దాటిపోయింది. బావగారు గడియారం చూసుకున్నారు, నన్ను చూశారు. కారు కాలిన చోట ఒక నిమిషం ఆపాను కూడా. పదిన్నర అక్కడే దాటింది. కార్డులో వేసిన పదకొండుకి సరిగ్గా దండలు మార్చుకున్నారు. పిల్ల నవ్వుతూనే ఉంది, దానికి ఏ టైమూ తెలియదు. ఇప్పటికి కాపరం బాగానే ఉంది.

బావగారు ఆ కథ మళ్లీ చెప్పలేదు. చెప్పబోయినా వినేవాళ్లే ముందు నిమ్మకాయల మాట ఎత్తుతున్నారు. ఆ సంతోషం నాకు ఇంకా తగ్గలేదు, తగ్గాలని కూడా నేను కోరుకోవడం లేదు.

మా ఇంటి హాల్లో నాన్న ఫొటో ఉండేది, గంధపు దండతో. పెళ్లి నుంచి వచ్చిన మర్నాడు దాన్ని దించాను. దండ తీసేశాను. షెడ్డులోకి తీసుకెళ్లి, కారుకి ఎదురుగా, బానెట్ ఎత్తితే సరిగ్గా లోపలికి చూపు పడేలా మేకు కొట్టి తగిలించాను. మా ఆయన వచ్చి చూసి, "ఇక్కడెందుకు?" అన్నారు. "చూడనివ్వండి" అన్నాను. ప్రతి ఆదివారం వెళ్లి బానెట్ ఎత్తి పెడతాను.